బరాతా, బడియా, భరతమా: నల్లగొండలో ఒక నాట్య దుస్తుల దుకాణం

నల్లగొండ ప్రకాశం బజారు వెనుక సందులో, రెడీమేడ్ బట్టల కొట్టు పై అంతస్తులో నడిచే ఈ దుకాణానికి పేరు రాసిన బోర్డు లేదు. మెట్ల పక్క గోడ మీద "నాట్య దుస్తులు, గజ్జెలు, నగలు అద్దెకు ఇవ్వబడును" అని ఎర్రరంగుతో రాసిన అక్షరాలే దాని చిరునామా. అయినా జిల్లాలో ఆటతో సంబంధం ఉన్న వారెవరికీ దారి చెప్పవలసిన అవసరం ఉండదు. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేటల నుండి వార్షికోత్సవాల కోసం ఉపాధ్యాయులు వస్తారు; కూచిపూడి నేర్పే గురువులు వస్తారు; పెళ్ళి ఊరేగింపుకు ఒకే రంగు కోట్లు వెతుక్కునే కుర్రాళ్ళు వస్తారు; జాతరల్లో స్టేజీ మీద ఆడే బృందాలు వస్తాయి. మా పాఠశాలలో సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యత నాదే కావడంతో చాలా కాలంగా ఈ మెట్లెక్కుతున్నాను. అక్కడి సరుకు గురించి ఎంత చెప్పాలో, అక్కడ వినిపించే మాటల గురించి కూడా అంతే చెప్పాలి. ఎందుకంటే ఆ దుకాణంలో ఎవరికి ఏ పెట్టె దించాలో, ఎంత డిపాజిట్టు అడగాలో, ఎవరిని కుర్చీలో కూర్చోబెట్టాలో నిర్ణయించేవి ఆ మాటలే.

లోపల అడుగుపెట్టగానే యజమాని అడిగే ప్రశ్న ఒక్కటే: "బరాతా, బడియా, భరతమా?" బరాత్ అంటే తీన్‌మార్ దెబ్బకు రోడ్డు మీద ఎగిరేవారు, వారికి మెరుపు కోట్లు, తలపాగాలు, నల్ల కళ్ళద్దాలు. బడి అంటే పాటను బట్టి జత చేసిన పిల్లల సెట్లు. భరతం అంటే పట్టు కట్టు. కూచిపూడి అయినా, భరతనాట్యం అయినా ఆయన లెక్కలో ఒకటే. కూచిపూడి గురువులు ఈ కలగాపులగానికి మొహం చిట్లిస్తారు గాని, పెట్టె తెరిచాక సరైన సెట్టే బయటికి వస్తుంది కాబట్టి వాదనకు దిగరు. ఈ ప్రశ్నలో చోటు దక్కని నాలుగో రకం వారు కూడా ఉన్నారు. వారి సంగతి కొంచెం వివరంగా చెప్పవలసినది కాబట్టి తరువాతకు ఉంచుతున్నాను.

శాస్త్రీయ నృత్యపు సెట్ల విషయంలో ఈ దుకాణానికి వంక పెట్టడం కష్టం. పైజామా తరహావి, చీరకట్టు తరహావి రెండూ పిల్లల కొలతల నుండి పెద్దల కొలతల దాకా ఉన్నాయి. ముందువైపు విసనకర్ర మడతలను గట్టి అస్తరు వేసి కుట్టించారు కాబట్టి, అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నప్పుడు, అవి పూర్తిగా విచ్చుకొని, లేచి నిలబడగానే మళ్ళీ వాటంతట అవే సర్దుకుంటాయి. చౌక సెట్లలో ముందుగా చెడేది ఈ విసనకర్రే. పాపిటబిల్ల, సూర్యచంద్రులు, చెంపసరాలు, రాగిడి, జడకుచ్చులు, వడ్డాణం అన్నీ ఒక రేకుపెట్టెలో సర్ది, మూత లోపలివైపు వాటి జాబితా అతికించి ఇస్తారు. తిరిగి అప్పగించేటప్పుడు తగాదా లేకుండా ఉండడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. సవరానికి మాత్రం విడిగా డబ్బు తీసుకుంటారు, ముత్యాలు రాలిన చెంపసరాలను మార్చమంటే "స్టేజీ మీద ఎవరికి కనపడతది టీచరమ్మా?" అని దాటవేస్తారు. ముందు వరుసలో కూర్చున్న తల్లులకు అన్నీ కనపడతాయని నేను చెప్పినా ఆ ముత్యాలు ఇంకా రాలిపోయే ఉన్నాయి.

అరంగేట్రానికి అద్దె సెట్టు ఇవ్వడం ఆయనకు ఇష్టం ఉండదు. ఆనాడు కట్టే బట్ట సొంతదై ఉండాలని చెప్పి, తెలిసిన దర్జీ దగ్గరికి పంపిస్తారు. చేతికొచ్చిన బేరాన్ని వదులుకోవడమే ఇది. క్రికెట్ ఆటగాడి తొలి మ్యాచ్‌ను, రాజకీయ నాయకుడి కొడుకు తొలి పోటీని కూడా పత్రికలు అరంగేట్రమనే రాస్తున్న కాలంలో, ఆ మాట వెనుక గజ్జెపూజ, గురువు అనుమతి, నిండు సభ ఉన్నాయని గుర్తు పెట్టుకున్న వ్యాపారి కనిపించడం నాకు సంతోషం కలిగించింది.

ఇక గజ్జెలు. ఈ దుకాణం అసలు బలం ఇదే. తోలు పట్టీకి వరుసలుగా కుట్టినవి, నూలు తాడుకు ముడివేసినవి రెండు రకాలూ దొరుకుతాయి. చిన్న పిల్లలకు కాలికి 25 మువ్వలు, పెద్దవారికి 50 నుండి 100 దాకా ఉన్న జతలు ఉన్నాయి. ఏ జతనైనా ఇచ్చే ముందు ఆయన చెవి దగ్గర పెట్టి ఒకసారి గలగలలాడించి, ఆ తరువాత వేళ్ళ కొసలతో ఒక్కొక్క మువ్వనూ తడుముతారు. లోపలి ఇనుప గుండు రాలిపోయిన మువ్వను ఆయన "మూగది" అంటారు. ఆ మధ్య మా పిల్లల కోసం తీసిన జతలో అలాంటివి మూడు తేలాయి. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మైనం రాసిన దారాన్ని మోటు సూదికి ఎక్కించి, తోలు వెనుక నుండి పొడిచి లాగుతూ, మూడు మూగవాటినీ తెంపి డబ్బాలోంచి ఏరిన కొత్త మువ్వలను బిగించారు. మళ్ళీ చెవి దగ్గర ఆడించి చూసుకొని, అప్పుడు చీటీ రాశారు. అద్దె సరుకు మీద ఇంత శ్రద్ధ హైదరాబాదులోని పెద్ద దుకాణాల్లో కూడా నేను చూడలేదు. అడుగులు కుదరక ముందే పిల్లల కాళ్ళకు గజ్జెలు కట్టనివ్వని గురువులు కొందరున్నారు. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టి, తల్లిదండ్రులు నేరుగా వచ్చి అడిగితే "గురువుగారు ఒప్పుకున్నరా?" అని ఆరా తీస్తారు. తిరిగి ఇచ్చేటప్పుడు గజ్జెలు సరిగా మోగలేదని అద్దె తగ్గించమనే వారికి మాత్రం జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఆడరాక మద్దెల ఓడంటే ఎట్ల బిడ్డా? నీ ముంగటనే మోగించి ఇచ్చిన గద!"

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్ళకోసారి జరిగే లింగమంతుల జాతరకు యాదవులు కట్టుకువెళ్ళే గజ్జెల లాగులు కూడా ఉన్నాయా అని అడిగే వారుంటారు. అవి ఇక్కడ దొరకవు. కుట్టించడం చేతకాక కాదు. "అది మొక్కు. మొక్కును అద్దెకిస్తరా?" అన్నది ఆయన మాట. ఆట బట్టకు, మొక్కు బట్టకు మధ్య గీత ఎక్కడుందో ఈయనకు తెలుసు.

బరాత్ విభాగంలో సరుకు మెరుపే గాని నాణ్యత తక్కువ. కోట్ల అస్తరు పలుచన, గుండీలు వదులు. అయితే దానికి కారణాన్ని యజమాని చెప్పే తీరు వినదగినది. మన వాడుకలో బాగా ఆడినవానికి దక్కే మెచ్చుకోళ్ళన్నీ ధ్వంసానికి సంబంధించినవే: ఇరగదీసిండు, దుమ్ము లేపిండు, చింపేసిండు, స్టేజీ దద్దరిల్లింది. "చింపేసిండంటరు టీచరమ్మా, నిజంగనే చింపుకొనొస్తరు," అని ఆయన చంక దగ్గర పిగిలిన కోట్ల కుప్పను చూపించారు. అందుకే బరాత్ కోట్లకు అద్దెకు రెండింతలు డిపాజిట్టు. అంతేకాదు, తెల్ల కోటు అడిగిన వారిని ముందు "నాగిని ఉన్నదా?" అని అడుగుతారు. ఒకడు చేతిరుమాలు కొస నోట కరుచుకొని నాగస్వరం ఊదుతుంటే, ఇంకొకడు రెండు చేతులూ పడగ పట్టి తారు రోడ్డు మీద పొర్లే ఆ నాగిని డాన్సు లేకుండా మన వైపు ఊరేగింపు ముగియదు. ఉన్నదంటే ముదురు రంగు కోటే ఇస్తారు. ఇది చూసి నవ్వుకున్నాను గాని, ఎవరేం ఆడతారో తెలుసుకొని బట్ట ఇవ్వడం కంటే మంచి దుకాణదారు లక్షణం ఏముంటుంది?

జానపద విభాగం నిరాశపరుస్తుంది. ఆదిలాబాదు రాజ్‌గోండులు దీపావళి నాటి దండారి పండుగలో ధరించే గుస్సాడీ నెమలి ఈకల కిరీటాన్ని ఇక్కడ ప్లాస్టిక్ ఈకలతో, అట్టముక్కతో చేసి పెట్టారు. గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చిన తరువాత ప్రతి పాఠశాలా ఆ నృత్యం అడుగుతున్నది, కాబట్టి గిరాకీ పెరిగింది గాని కిరీటం మెరుగుపడలేదు. "లంబాడీ సెట్టు" పరిస్థితీ అంతే. దేవరకొండ వైపు తండాలలో ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రీ (తల మీది ముసుగు)ల మీద ఒక్కొక్క అద్దాన్నీ దారంతో చుట్టి కుడతారు. ఇక్కడ జిగురుతో అంటించిన అద్దాలు రెండు పాటలకే నేల మీద రాలిపోతాయి. మా బడిలో చదివే తండా పిల్ల ఒకతె ఆ సెట్టును చూసి, ఏమీ అనకుండా, మరునాడు నాయనమ్మ ఫేటియాను సంచిలో పెట్టుకొని వచ్చింది. ఆ తరువాత ఆ పాటకు నేను అద్దె సెట్టు తీసుకోలేదు.

పేరిణి సెట్టు గురించి ఇంకొంచెం చెప్పాలి. నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి శిల్పాలను, జాయప సేనాని "నృత్తరత్నావళి"ని ఆధారం చేసుకొని పునరుద్ధరించిన ఆ నృత్యానికి ఈ దుకాణంలో సినిమా సైనికుడి రేకు కవచం ఇస్తున్నారు. కాకతి గణపతిదేవుని సేనాని అయిన జాయప 1253, 1254 ప్రాంతంలో రాసిన ఆ గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలుంటే, నాలుగు మార్గ (శాస్త్ర సంప్రదాయపు) నృత్యానికి, నాలుగు దేశి (ప్రాంతీయ) నృత్యానికి కేటాయించాడు. ఏడున్నర శతాబ్దాల క్రితం రాజాస్థానంలోని సేనాధిపతి సగం పుస్తకం ఇచ్చిన దేశి ఆటలకు ఈ కొట్టులో కిటికీ పక్కన ఒక అర మాత్రమే దక్కింది. దూరం పోనక్కరలేదు, సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి గుడి స్తంభాల మీది నర్తకులను ఒక పూట చూసి వస్తే, నడుముకు ఏం కట్టాలో, తలకు ఏం చుట్టాలో దర్జీకి చెప్పవచ్చు. ఈ మాట నేను చెప్పినప్పుడు యజమాని ఆసక్తిగానే విన్నారు.

ఇప్పుడు నాలుగో రకం వారి సంగతి. జాతరలకు, ఊరి పండుగలకు స్టేజీ కట్టి సినిమా పాటల రికార్డులకు ఆడే బృందాలను మన వైపు రికార్డింగ్ డాన్సు వాళ్ళంటారు. ఈ దుకాణంలో సంవత్సరమంతా అద్దె ఇచ్చే ఖాతాదారులు నిజానికి వీరే. బడి గిరాకీ జనవరి నుండి మార్చి దాకా, బరాత్ గిరాకీ లగ్గాల నెలలకే పరిమితం. కాని ఖాతా పుస్తకంలో మాకు "టీచరమ్మ, మిర్యాలగూడ రోడ్డు" అనీ, నాట్యం నేర్పేవారికి "గురువుగారు" అనీ, కుర్రాళ్ళకు "బరాత్ తమ్ముళ్ళు" అనీ ఉంటే, వీరి పద్దు మీద "ఆటోళ్ళు" అని ఉంది. మొదట చదివినప్పుడు ఆటోలు నడిపేవారని అనుకునేలా ఉంటుంది గాని, అది "ఆటవాళ్ళు" అన్న మాటే. యజమాని యవ్వనంలో అలాంటి బృందంలోనే ప్యాడ్లు వాయించినవారు కాబట్టి "మా ఆటోళ్ళు" అన్నప్పుడు ఆయన గొంతులో చుట్టరికం వినిపిస్తుంది. దుకాణంలో పనిచేసే కుర్రవాడి నోట అదే మాట వేరే రూపం తీసుకుంటుంది. చీర రంగుకు జాకెట్టు సరిచూసుకుంటున్న ఒక నర్తకిని ఉద్దేశించి వాడు లోపలికి తిరిగి "ఆటది వచ్చింది, పెట్టె దించన్నా" అన్నాడు. ఆమె చీర మీది చూపు ఎత్తకుండానే "ఆర్టిస్టక్క వచ్చిందని అను తమ్ముడూ, నోరేం అరిగిపోదు" అంది. యజమాని లేచి, నిచ్చెన తనే ఎక్కి, పెట్టె తనే దించి ఆమె చేతికి ఇచ్చారు గాని, కుర్రవాణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ మాట అని ఉండవలసింది.

దీన్ని కేవలం మాటల పట్టింపుగా తీసిపారేయడానికి వీలులేదు. బరాత్ కోట్లకు రెండింతల డిపాజిట్టు అని పైన చెప్పాను. రికార్డింగ్ బృందాలకు మూడింతలు, పైగా ఆధార్ నకలు. చినిగి వచ్చేవి బరాత్ కోట్లు. బృందాల నుండి తిరిగి వచ్చే దుస్తులు ఊడిన హుక్కు కుట్టి, రాలిన తళుకు అతికించి, మడతపెట్టి వస్తాయి, ఎందుకంటే రేపటి కూలి వాటి మీదే ఉంది. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, వాపసు వచ్చిన పెట్టెలు తెరిచేటప్పుడు పక్కన నిలబడి చూశాను. సరుకును బట్టి కాకుండా పేరును బట్టి డిపాజిట్టు పెంచడమే ఇది.

ఒక్క దుకాణాన్ని అనడం కూడా పూర్తి న్యాయం కాదు. చిందు కళాకారులు తెల్లవార్లూ ఆడి చూపించిన భాగవతాన్ని మనం "వాని భాగోతం బయటపడ్డది" అనే నిందగా మార్చుకున్నాం. కోపమొచ్చినవాడు చిందులు తొక్కుతాడు, మాట విననివాడు నెత్తినెక్కి ఆడతాడు, అబద్ధమాడేవాడు వేషాలేస్తాడు, పని చెడగొట్టేవాడు తైతక్కలాడతాడు. మెచ్చుకోవలసినప్పుడు మాత్రం అది శివతాండవమో, అరంగేట్రమో అవుతుంది. ఆట ఒకటే అయినా, ఆడేవారు ఏ కులంవారో, ఏ వేదిక మీద నిలబడ్డారో చూసుకొని మన నోరు మాట ఎంచుకుంటుంది. ఆ కుర్రవాడికి "ఆటది" అన్న మాట దుకాణంలో నేర్పింది కాదు, ఇంటి నుండి తెచ్చుకున్నది.

అయితే దుకాణం తనంతట తాను సరిచేయగలిగినది ఒకటుంది. బోనాల పాటలకు ఇచ్చే ఎర్రచీర, పసుపు, వేపాకు దండ, పెద్ద బొట్టు ఉన్న సెట్టు మీద "జోగిని సెట్టు" అని చీటీ అంటించి ఉంది. పాలమూరు జిల్లా పల్లెల్లో ఆ పేరుతో బతుకు మోసిన స్త్రీలు ఇంకా ఉన్నారు. చిన్నప్పుడే దేవత పేర ముడివేసి, జాతరల్లో, చావు ఊరేగింపుల్లో ఆడించిన ఆ పద్ధతిని నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రం 1988లో చట్టం చేసింది. ఆ పేరున్న చీటీని చూసి ఐదో తరగతి పిల్ల "టీచర్, నేను జోగిని వేస్తా" అని ఉత్సాహంగా అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. "బోనాల సెట్టు" అని చీటీ మార్చమని యజమానిని కోరాను. ఆయన అక్కడికక్కడే పాత చీటీ చింపి, కొత్తది నా చేతనే రాయించారు. పుస్తకంలో "ఆటోళ్ళు" అన్న పద్దును కూడా బృందం పెద్ద పేరుతో మార్చమన్నాను. దానికి మాత్రం "అలవాటైపోయింది టీచరమ్మా, చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" ఇంకా అక్కడే ఉంది.

వెళ్ళదలచినవారికి ఉపయోగపడే వివరాలు కొన్ని. పిల్లల సినిమా పాటల సెట్లకు రోజుకు 150 నుండి 250 రూపాయలు, శాస్త్రీయ నృత్యపు పూర్తి సెట్టుకు నగలతో కలిపి 600 దాకా, గజ్జెల జతకు 100 తీసుకుంటున్నారు. కార్యక్రమం ముందురోజు సాయంత్రం ఇచ్చి, మరునాటి మధ్యాహ్నం దాకా ఒకే అద్దె లెక్కిస్తారు కాబట్టి దూరపు ఊళ్ళవారికి ఇబ్బంది లేదు. బట్టలు మార్చి చూసుకునే గది అనబడేది మూలకు కట్టిన తెర మాత్రమే. ఆడపిల్లలను తీసుకువెళ్ళేవారు ఒక పెద్దమనిషిని తెర దగ్గర నిలబెట్టుకోవడం మంచిది. రిపబ్లిక్ దినోత్సవానికి కనీసం రెండు వారాల ముందు చెప్పకపోతే మూడు రంగుల చీరలు దొరకవు. వానకాలంలో పట్టు సెట్లకు ముక్క వాసన వస్తుంది, తీసుకోగానే ఒక పూట నీడలో ఆరవేయండి. చెంపసరాల ముత్యాలు అక్కడే లెక్కపెట్టుకోండి.

గజ్జెలకు, పట్టు సెట్లకు ఐదింట ఐదు మార్కులు వేస్తాను. జానపదానికి రెండు. మర్యాద కింద మూడు వేయగలను, అదీ చీటీ మార్చినందుకు. మూడింతల డిపాజిట్టు తగ్గించిన రోజున మిగతా రెండూ కలుపుతాను.